రెండో కొలత

షిమొన్ రెండు నోళ్ళ మనిషి. ఒక నోటితో బావ గావ్రిలాకు చెప్పాడు, అక్క గొర్రెలు వట్టిపోయాయని. రెండో నోటితో పల్లపు ఊళ్ళ గొర్రెల బేరగాడికి చెప్పాడు, ఈ లోయ మొత్తంలో పాలు పోసేవి అవేనని. ఇందులో వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఎవరైనా వాదించబోతే గావ్రిలా లేచి వెళ్ళిపోతాడు.

మంద కొండెక్కడానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే, షిమొన్ వచ్చి గావ్రిలా గొర్రెల కొట్టం తలుపు తట్టాడు. తలుపుకు లోపల అడ్డగర్ర వేసి ఉంది. గావ్రిలా వెంటనే తియ్యలేదు. చేతిలో ఉన్న చన్ను వదిలి, పాల చెంబు గోడ వారకు జరిపి, నడుముకున్న ముడి విప్పుకుని, గుడ్డను మేకుకు తగిలించి, అప్పుడు తీశాడు.

"తగిలించక్కర్లేదు బావా. పోయిన నెలలోనే సందులోంచి చూశాను" అన్నాడు షిమొన్, నవ్వుతూ.

అది గావ్రిలా భార్య తొదోసియా చారల గుడ్డ. ఎరుపూ నలుపూ చారలతో, మోకాళ్ళ కిందికి దిగే ఉన్ని గుడ్డ. ఆ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడదీ ముందొకటి వెనకొకటి కట్టుకుంటుంది. చలికాలంలో ఆమె పోయాక గొర్రెలు గావ్రిలాను దగ్గరికి రానివ్వలేదు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ రంపం మిల్లులో పోయినవాడు, పట్టు సరిగా ఉండదు. చెంబు తన్నేశాయి. పాలు ఎగబట్టాయి. ఒకరోజు మోకాళ్ళకు చలి తగలకుండా ఆ గుడ్డ చుట్టుకుని కూర్చుంటే, కాటుక కళ్ళ గొర్రె ఒకసారి వాసన చూసి, కాళ్ళు ఎడం చేసి నిలబడింది. మిగిలినవీ అలాగే నిలబడ్డాయి. ఆ రోజు నుంచి తలుపుకు అడ్డగర్ర పడింది.

"చూస్తే చూశావు" అన్నాడు గావ్రిలా.

"నేను చూస్తే ఏముంది, ఇంటివాణ్ణి. ఆదివారం కొండమీద ఊరంతా ఉంటుంది. కొలత గుమ్మం దగ్గర నువ్వు ఇది కట్టుకుని కూర్చుంటే పిల్లికూతలు కూయరూ? కట్టుకోకపోతే అవి చేపవు. ఏం చేస్తావు?"

గావ్రిలా పాల చెంబు మీద మూత పెట్టాడు. ఆ ఆలోచన అతనికి వారం నుంచీ నిద్ర పట్టనివ్వడం లేదు.

కొలత అంటే అక్కడ ఆ ఒక్కపూటే. ఊరి గొర్రెలన్నీ కొండమీద ఒకే మందలో కలుస్తాయి. కలిసే ముందు ఎవరి గొర్రెల్ని వాళ్ళు ఒకసారి పిండి చూపించాలి. పెద్ద కాపరి కొలతకర్ర ముంచి గీతలు చూస్తాడు. ఆ పూట ఎన్ని గీతలు తేలితే, మంచు పడేదాకా మంద పాలతో కాపరి చేసే జున్నులో అంత వాటా ఆ ఇంటికి. తర్వాత గొర్రె ఎంత పాలిచ్చినా, అసలివ్వకపోయినా, ఎవడూ అడగడానికి లేదు.

"నేను పిండుతాను. నా అక్క గొర్రెలే కదా. నా చేయీ ఆమె చేయీ ఒక తల్లి పెట్టిన చేతులే" అన్నాడు షిమొన్. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "ఒకటి చెబుతా, కోప్పడకు. ఈ గొర్రెలు వట్టిపోతున్నాయి బావా. నువ్వు రోజూ చూస్తావు గనక నీకు తెలియడం లేదు. అక్కతో పాటే వాటి పాలూ పోయాయి. కొలతలో నువ్వే చూస్తావుగా. తర్వాత కావాలంటే నేనే తీసుకుంటాను, ఎవరో కసాయివాడి పాలు కాకుండా."

గావ్రిలా చెంబు మూత తీసి చూశాడు. అది మూడొంతులు నిండి ఉంది. అయినా నిన్నటి కంటే తక్కువేమోననిపించింది. మనిషి చెవిలో ఒక మాట పడేస్తే చాలు, కళ్ళు కూడా ఆ మాటే వింటాయి.

"సరే, నువ్వే పిండు" అన్నాడు.

---

ఆదివారం పొద్దున కొండమీద దడులు కట్టారు. ఎవరి గొర్రెలు వాళ్ళ దడిలో. పొద్దెక్కేసరికి సంకటి కుండలు పొయ్యిల మీదికెక్కాయి. మొక్కజొన్న పిండి ఉడికే వాసన, పొగ, తడి ఉన్ని వాసన కలిసి కమ్ముకున్నాయి. ఆడవాళ్ళు పందికొవ్వు ముక్కలు కాలుస్తున్నారు. మగవాళ్ళు చేతిలో చిన్న సీసాలతో ప్లమ్ సారా పంచుతూ తిరుగుతున్నారు. పాదిరీ గారు వచ్చి ఒక మొద్దు మీద కూర్చున్నారు. నీళ్ళ బిందె, తులసి కట్ట పక్కనే ఉన్నాయి. కొలతలన్నీ అయ్యాక ఆయన నీళ్ళు చల్లుతారు, దడులు విప్పేస్తారు, గొర్రెలు కలిసిపోతాయి. కలిశాక ఇక మాట లేదు.

పెద్ద కాపరి నెకీతా కొలతకర్ర పట్టుకుని నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, మోకాళ్ళదాకా గొర్రెతోలు. అతనికీ గావ్రిలాకూ పదేళ్ళుగా మాటల్లేవు. గావ్రిలా పొట్టేలు ఒకటి లోయలో పడి చచ్చిందని నెకీతా అన్నాడు, అమ్ముకుతిన్నాడని గావ్రిలా అన్నాడు. అప్పటి నుంచి గావ్రిలాకు ఏం చెప్పాలన్నా తొదోసియాతో చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

షిమొన్ చేతులు మోచేతులదాకా కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. గుమ్మమంటే దడిలో ఒక్క గొర్రె పట్టే సందు. లోపలి నుంచి గావ్రిలా ఒక్కొక్క గొర్రెనూ తోస్తున్నాడు. షిమొన్ దాని వెనకకాళ్ళ మధ్యకు చేతులు పోనిచ్చి, రెండు చన్నులూ పట్టి లాగుతున్నాడు. ధార బాగానే పడుతోంది. చేతులు చకచకా ఆడుతున్నాయి, నోరు అంతకంటే చకచకా ఆడుతోంది.

"చూడండి, ఇదీ మా అక్క కాటుక కళ్ళది. ఒకప్పుడు చెంబు నింపేది. ఇప్పుడు చూడండి, పాపం, నాలుగు ధారలు. పోవే తల్లీ పో."

వీపు మీద తట్టి పంపేశాడు. గొర్రె రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. గావ్రిలా అది చూశాడు. ఎందుకు చూసిందో ఆలోచించలేదు. తర్వాతి గొర్రె కొమ్ము పట్టుకుని తోశాడు.

అన్నీ అయ్యాక నెకీతా నురగ అణిగేదాకా ఆగాడు. మీద మిగిలిన నురగను నోటితో ఊది పక్కకు తోశాడు. కర్ర నిలువుగా దించి, పైకి తీసి, వెలుతురుకు పట్టి చూశాడు.

"నాలుగు. నాలుగంటే నాలుగే" అన్నాడు.

పోయిన ఏడు తొమ్మిది. అది అందరికీ తెలుసు. ఎవడో వెనక నుంచి, "గొర్రెలు కూడా మొగుడి మొహం చూసి ఎండిపోయాయి" అన్నాడు. నవ్వారు. ఇంకొకడు, "మూడు వేళ్ళ చేతికి నాలుగు గీతలు ఎక్కువే కదరా" అన్నాడు. మళ్ళీ నవ్వారు.

షిమొన్ నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు. నలుగురికీ వినపడేలా, "నేను చెయ్యగలిగింది చేశాను బావా" అన్నాడు. తర్వాత చెవి దగ్గర, "ఇంకా ఎందుకు వీటిని మేపడం? చెయ్యి కలుపు. పాదిరీ గారు నీళ్ళు చల్లేలోగా తేల్చేద్దాం. మందలో కలిశాయంటే శరత్కాలందాకా విడదీయనివ్వరు."

అక్కడ బేరం కుదిరిందంటే ఇద్దరూ చేతులు కలపాలి, మూడోవాడు వచ్చి తన అరచేతి అంచుతో ఆ పట్టు విడగొట్టాలి. షిమొన్ అప్పటికే మూడోవాణ్ణి తెచ్చి పక్కన నిలబెట్టాడు. గావ్రిలా చెయ్యి సగందాకా లేచింది.

"ఒకసారి చూసి వస్తాను" అన్నాడు.

"ఏం చూస్తావు, రోజూ చూసేవే కదా."

"చూసి వస్తాను."

---

గొర్రెలు దడి మూలకు చేరి పడుకున్నాయి. గావ్రిలా దడి కర్ర మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. అతను వచ్చిన చప్పుడుకు కాటుక కళ్ళది లేచింది. అది పడుకున్న చోట గడ్డి అణిగి ఉంది. గడ్డి మీద తెల్లగా ఏదో మెరుస్తోంది. ముందు మంచు తడి అనుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో మంచేమిటి?

దడి దాటి లోపలికి వెళ్ళి వంగి వేలితో ముట్టుకున్నాడు. వేలు నాలుకకు ఆనించుకున్నాడు. పాలు.

"వట్టిపోయిన గొర్రె గడ్డికి పాలు తాగిస్తోంది" అన్నారు వెనక నుంచి.

నెకీతా. దడికి అవతలే నిలబడ్డాడు. పదేళ్ళ తర్వాత అతను గావ్రిలాతో అన్న మొదటి మాట అది.

"నీకేం?" అన్నాడు గావ్రిలా, వంగినవాడు వంగినట్టే.

"నాకేం లేదు. నాకు లాభమే. నీకు నాలుగు గీతల జున్ను ఇస్తే చాలు, మిగిలిన నీ పాలన్నీ వేసవంతా నా కాగులోనే."

"మరి నోరెందుకు విప్పావు?"

"రేపు నా కర్ర అబద్ధమాడిందంటావు. ఒక పొట్టేలుకే పదేళ్ళు తిట్టావు. ఇన్ని పాలకు నన్ను పాతిపెట్టాక కూడా తిడతావు."

గావ్రిలా కాటుక కళ్ళదాని పొదుగు కింద అరచెయ్యి పెట్టాడు. బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. పిండేసిన పొదుగు ఖాళీ జోలెలా వేలాడాలి. ఇది నిండు జోలె.

"ఊట దగ్గర ఆకుపచ్చ బండి చూశావా?" అన్నాడు నెకీతా. "పల్లపు బేరగాడిది. పొద్దున నా దగ్గరికి వచ్చాడు. 'చెవికి రెండు కోతలున్న గొర్రెలు ఏవి, షిమొన్ చెప్పినంత పాలిస్తాయా?' అని అడిగాడు. 'ఇవాళ సాయంత్రానికి నావే' అన్నాడు. చెవికి రెండు కోతలు ఎవరి గుర్తు?"

గావ్రిలా లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. అది తొదోసియా పుట్టింటి గుర్తు. పెళ్ళికి తెచ్చుకున్న గొర్రెల పిల్లల పిల్లలవి.

"ఇంకేమన్నా చెప్పాలా?" అన్నాడు.

"లేదు."

"అయితే పద."

పాదిరీ గారు అప్పటికే తులసి కట్ట చేతిలోకి తీసుకున్నారు. జనం టోపీలు తీసి గుండ్రంగా నిలబడ్డారు. గావ్రిలా టోపీ తియ్యకుండానే మధ్యలోకి వెళ్ళాడు.

"ఆగండి. నాకు రెండో కొలత కావాలి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"రెండో కొలతేమిటి? మా తాతల నాడు అడిగారు!"

"పొద్దు వాలుతోందయ్యా, పిల్లలతో వచ్చాం!"

"పెళ్ళాం పోయాక మతిపోయిందిరా వీడికి."

నెకీతా కొలతకర్ర నేలకు తాటించాడు. సద్దు అణిగింది. "ఆ పద్ధతి ఉంది. అడిగినవాడు తన చేత్తో తానే పిండాలి. పొదుగులో మిగిలిందేమిటో చూస్తాం. మిగిలి ఉంటే దాన్ని మొదటి కొలతకు కలుపుతాం, మొదట పిండినవాడు జవాబు చెప్పుకోవాలి. మిగల్లేదా, అడిగినవాడికి వేసవంతా ఒక్క ముద్ద జున్ను కూడా రాదు. గావ్రిలా, తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే."

షిమొన్ ముందుకు వచ్చాడు. మొహం నిండా బాధ. ఆ బాధ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. "బావా, ఇంతమందిలో నన్ను దొంగను చేస్తున్నావు. నా చేతుల మీద నమ్మకం లేదా?"

"లేదు."

అంతే అన్నాడు.

"సరే, కూర్చో అయితే. పీట ఇక్కడే ఉంది" అన్నాడు షిమొన్. "వాటి చేత ఎలా చేపిస్తావో మేమూ చూస్తాం." కళ్ళలో చిన్న నవ్వు వెలిగి ఆరింది. అడ్డగర్ర వెనక చూసినవాడి నవ్వు అది.

గావ్రిలా పీట వైపు చూశాడు. అవి అతని చేతికి చేపవు. అది తనకు తెలుసు, షిమొన్‌కూ తెలుసు. షిమొన్ దాని మీదే ఇంత ఇల్లు కట్టాడు.

"ఇంటికి వెళ్ళి రావాలి" అన్నాడు.

"పారిపోతున్నాడు!" అని ఎవడో అరిచాడు.

"ఇంతసేపు ఆగితే కొత్త పాలు ఊరవూ? ఇదేం న్యాయం?" అన్నాడు షిమొన్.

నెకీతా ఆలోచించలేదు. "ఊరితే పొద్దున పిండిన నీ గొర్రెలకూ ఊరాలి కదా. వాడు పిండేటప్పుడే నీవీ పిండుతాం. నీ పొదుగుల్లో ఊరినంత వాడి పాలల్లో తీసేస్తాం. చాలా?"

షిమొన్ తన దడి వైపు చూశాడు.

దడి గుమ్మంలో ఒదోకియా ముసలమ్మ వచ్చి కూర్చుంది. తొదోసియా మంచం పక్కన ఆఖరి వారమంతా కూర్చున్న మనిషి ఆవిడే. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, "వెళ్ళరా గావ్రిలా. వీటి దగ్గరికి ఎవడొస్తాడో నేనూ చూస్తా. మోకాళ్ళు పడిపోయాయి గానీ చేతులు పడిపోలేదు నాకు" అంది.

---

అతను తిరిగి వచ్చేసరికి ఎండ పచ్చబడింది. జనంలో విసుగు పులిసింది. పిల్లలు ఏడుస్తున్నారు, సంకటి చల్లారి గట్టిపడింది, తాగినవాళ్ళు మళ్ళీ తాగారు. గావ్రిలా ఏటవాలు దారిలో పైకి వస్తున్నప్పుడే వాళ్ళకు కనిపించింది. ఉత్తచేతులతో వస్తున్నాడు. గుడ్డ చేతిలో మడిచి తేలేదు, సంచిలో దాచి తేలేదు. ఊళ్ళోనే, తన గుమ్మంలోనే నడుముకు కట్టుకుని, ఊరు మధ్యలోంచి నడిచి, కొండంతా ఎక్కి వచ్చాడు. ఎరుపూ నలుపూ చారలు మోకాళ్ళకు కొట్టుకుంటున్నాయి.

ముందు ఎవరూ నవ్వలేదు. నమ్మలేదు గనక.

"ఒరేయ్, కొత్తకోడలొచ్చిందిరోయ్!"

"అత్తగారికి దణ్ణం పెట్టవే!"

"గావ్రిలా అక్కా, వెనక గుడ్డ మర్చిపోయావు!"

గావ్రిలా ఆఖరి మాట అన్నవాడి ముందు ఆగాడు. "మీ ఆవిణ్ణి అడిగి తెచ్చివ్వు, కట్టుకుంటాను" అన్నాడు. అక్కడ నవ్వు దారి మార్చుకుంది. అతను ముందుకు వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

చెంబు కాదు, పెద్ద చెక్క బాల్చీయే మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కాటుక కళ్ళది ముందు వచ్చింది. మెడ తిప్పి గుడ్డ అంచు ముక్కుతో తోసింది. గావ్రిలా తొందరపడలేదు. అరచేతి వెనక భాగంతో పొదుగును కిందనుంచి రెండుసార్లు కుమ్మాడు, పిల్ల కుమ్మినట్టు. కుడిచేతి మూడు వేళ్ళతో చన్ను మొదలు నొక్కి, మెల్లగా దించాడు. మొదటి ధార బాల్చీ చెక్కకు తగిలి మోగింది. రెండోది మోగింది. ఆ తర్వాత మోత తగ్గింది, అడుగున పాలు చేరాక ధార చప్పుడు మెత్తబడుతుంది.

పక్క గుమ్మంలో నెకీతా మనిషి షిమొన్ గొర్రెల్ని పిండుతున్నాడు. ఆ ధార చప్పుడు రెండు మూడు లాగుళ్ళకే ఆగిపోతోంది. ఒక గొర్రె, తర్వాతిది, ఆ తర్వాతిది. అతను త్వరగానే ముగించి లేచాడు. బాల్చీ అడుగు తడిసింది, అంతే.

గావ్రిలా ముగించలేదు. అతని చెయ్యి నెమ్మది. నాలుగో గొర్రె దగ్గర మణికట్టు నొప్పెట్టింది, ఎడమచేతికి మార్చాడు. ఏడోది కాలు ఎత్తింది, గుడ్డ అంచుతో దాని తొడ నిమిరాడు, దించింది. చివరి పాలు చిక్కగా, సన్నగా, దారంలా వస్తాయి. అవి కూడా వదల్లేదు. ఎవరో దగ్గారు. పిల్లలు వచ్చి దడి మీద గడ్డం ఆనించి చూస్తున్నారు. నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

నెకీతా నురగ ఊదాడు. కర్ర దించాడు, తీశాడు. తడి ఎక్కడిదాకా ఉందో అందరికీ కనపడేలా తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

"షిమొన్ గొర్రెలకు ఊరింది తీసేసినా అయిదు" అన్నాడు. "పొద్దుటి నాలుగుతో కలిపి తొమ్మిది."

ఒదోకియా చేతికర్ర నేలకు కొట్టింది. "నవ్వండ్రా ఇప్పుడు! ఏం, పళ్ళు ఊడిపోయాయా?"

ఎవరూ నవ్వలేదు. ఊట వైపు ఇంజను చప్పుడైంది. ఆకుపచ్చ బండి వెనక్కి తిరిగి, బాట పట్టి కిందికి వెళ్ళిపోయింది.

---

పాదిరీ గారు మంచి మనిషి. ఆయనకు గొడవలు పడవు. "గావ్రిలా, దేవుడి దయవల్ల నీది నీకు వచ్చింది. షిమొన్ తొందరపడ్డాడు, చెయ్యి తేలిగ్గా ఆడించాడు. పండుగ పూట ఇది. చేతులు కలపండి" అన్నారు. పెద్దవాళ్ళు తలలూపారు. ఒకడు సారా సీసా తెచ్చి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు.

"మందలో అతని గొర్రెలుంటే నావి ఉండవు" అన్నాడు గావ్రిలా.

"ఎంతయినా నీ పెళ్ళాం తమ్ముడు కదయ్యా!"

"అందుకే."

నెకీతా దిక్కు చూశారు. నెకీతా కొలతకర్ర చంకలో పెట్టుకుని, షిమొన్ దడి కట్టిన తాడు దగ్గరికి వెళ్ళి, ముడి విప్పాడు. "తోలుకుపో. పొదుగులో పాలు దాచేవాడి గొర్రెలు నేను కాయలేను" అన్నాడు.

షిమొన్ అప్పటిదాకా తల దించుకునే ఉన్నాడు. ఇప్పుడెత్తాడు. బాధ పోయింది మొహంలోంచి. దాని వెనక ఉన్న మొహం బయటికి వచ్చింది.

"నేను దాచానా? సరే, దాచాను. ఎవరు దాచమన్నారో తెలుసా నీకు? అక్క! పోయే ముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. 'నేను పోయాక ఆ మనిషి దగ్గర్నుంచి గొర్రెలు తీసేయించరా. అడిగితే ఇవ్వడు. ఏదో మాయ చేసి తీసేయించు' అంది. మాయ చెయ్యమన్నది నీ పెళ్ళామే బావా! నన్ను రెండు నోళ్ళవాడంటావు, నీ మంచం మీద పడుకున్నదానికి ఎన్ని నోళ్ళో కనుక్కో! ఒదోకియా పిన్ని అక్కడే ఉంది. అడుగు!"

అందరూ ఒదోకియా వైపు తిరిగారు. ముసలమ్మ మొహం పాలిపోయింది. పెదవులు విడివడ్డాయి.

"నోరు ముయ్యి పిన్నీ" అన్నాడు గావ్రిలా.

ఆవిడ మూసుకుంది.

అతను షిమొన్ వైపు చూడలేదు. పాదిరీ గారి వైపు తిరిగి, "నీళ్ళు చల్లండి. పొద్దుపోతోంది" అన్నాడు. ఆయన చల్లారు. తులసి నీళ్ళు గొర్రెల వీపుల మీదా, జనం మీదా, చారల గుడ్డ మీదా పడ్డాయి. దడులు విప్పారు. గొర్రెలన్నీ ఒక్కసారి అరుస్తూ కలిసిపోయాయి. షిమొన్ తన గొర్రెల్ని తోలుకుని కిందికి దిగిపోయాడు. అతని వెంట కుక్క కూడా వెళ్ళలేదు.

---

మర్నాడు పొద్దున దిగేవాళ్ళు దిగుతున్నారు. గావ్రిలా నెమ్మదిగా నడుస్తున్నాడు, ఒదోకియాకు చెయ్యి అందించాల్సి వచ్చి. బండలున్న చోట ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది.

"రాత్రంతా నిద్రలేదురా నాకు" అంది.

"రాళ్ళ మీద పడుకుంటే అంతే."

"రాళ్ళ వల్ల కాదు. ఆ రోజు మంచం దగ్గర నేనున్నాను. అది ఏమందో నా చెవులారా విన్నాను. చెప్పనా?"

"వద్దు."

"వాడన్నది అబద్ధమైతే?"

"వద్దన్నాను."

"నిజమైతే మాత్రం, మంచి మనసుతోనే అనుంటుందిగా. మూడు వేళ్ళతో చచ్చేదాకా ఈ చాకిరీ చేస్తావని..."

గావ్రిలా ఆవిడ చెయ్యి వదిలేశాడు. దారి మధ్యలో నిలబడ్డాడు. కింద ఊరి పొగలు నిటారుగా లేస్తున్నాయి. వెనక వచ్చేవాళ్ళు ఆగారు, దాటి పోదామా వద్దా అని.

"నా కళ్ళముందు ఒకడు నాకు ఒకటి చెప్పి ఇంకొకడికి ఇంకొకటి చెప్పాడు. వాణ్ణి పట్టుకున్నాను. పంపేశాను. అది తేలిపోయింది" అన్నాడు. "మట్టిలో ఉన్న మనిషిని నేను పట్టుకోను. పట్టుకుని నిలదీసి, మొహం చూసి, నిజమా అబద్ధమా అని తేల్చుకోలేని చోట నాకు ఏ మాటా వద్దు. నీ నోటితోనూ వద్దు, పాదిరీ నోటితోనూ వద్దు."

"ఆ ముల్లు గుచ్చుకునే ఉంటుందిరా నాయనా."

"ఉండనీ. నాది."

ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. అతను ఆవిడ కళ్ళు చూడలేదు.

"ఇంకొక్క మాట. షిమొన్ పేరు గానీ, ఆ మంచం దగ్గరి మాట గానీ, నిన్నటి సంగతి గానీ, ఇక నా ముందు ఎవరూ ఎత్తకండి. ఎత్తినవాళ్ళతో నాకు మాటల్లేవు. నువ్వైనా సరే పిన్నీ. నేనూ ఎత్తను."

చెయ్యి మళ్ళీ అందించాడు. ఆవిడ పట్టుకుంది. బండలు దాటి, ఊట దాటి, ఇద్దరూ ఊరు చేరారు. శరత్కాలంలో తొమ్మిది గీతల జున్ను ఇంటికి వచ్చినప్పుడు ఎవడో నవ్వుతూ షిమొన్ మాట మొదలుపెట్టాడు. గావ్రిలా లేచి తలుపు వేసుకున్నాడు.